ఆ బొంగురు గొంతు ఎవరిదో తెలుసా?

మొదటిసారి ‘అన్‌క్లౌడీ డే’ విన్నది బస్సులో, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని. ముందు నీళ్లలో అలలా వణికే గిటార్. ఆ తర్వాత బావిలోంచి వస్తున్నట్టు ఓ బొంగురు గొంతు. ఎవరో పెద్దాయన పాడుతున్నాడనుకున్నా. పేరు వెతికితే షాక్! మేవిస్ స్టేపుల్స్. 1956లో ఈ పాట రికార్డయినప్పుడు ఆమె ఇంకా టీనేజ్ అమ్మాయి. అప్పట్లో రేడియోలో విన్నవాళ్లు కూడా నాలాగే పొరబడ్డారట.

అమెరికాలోని షికాగోకి చెందిన ఈ గ్రూపు పేరు స్టేపుల్ సింగర్స్. గ్రూపు అంటే ఎవరో కాదు, ఒకే ఇంటివాళ్లు. తండ్రి రోబక్ స్టేపుల్స్‌ని అందరూ ‘పాప్స్’ అనేవారు. మిసిసిపీ పత్తి చేలలో పెరిగి, 1930ల్లో షికాగో వచ్చి కబేళాల్లో పనిచేశారు. ఆయన పాడే చర్చి గ్రూపులో మిగతావాళ్లు రిహార్సల్స్‌కి సరిగ్గా వచ్చేవారు కాదు. విసుగొచ్చి ఇంటికెళ్లి, పిల్లల్ని నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టి ఎవరి వరస వాళ్లకి నేర్పించారు. 1948లో చర్చిల్లో పాడటం మొదలైంది.

నాకు బాగా నచ్చే రికార్డింగ్ మాత్రం ‘ఫ్రీడమ్ హైవే’. 1965 మార్చిలో ఓటు హక్కు కోసం నల్లజాతీయులు సెల్మా నుంచి మాంట్‌గోమరీ దాకా నడిచారు. ఆ నడక కోసం పాప్స్ రాసిన పాట ఇది. కొన్ని వారాలకే షికాగోలోని ఓ చర్చిలో జనం ముందే రికార్డు చేశారు. వింటుంటే చప్పట్లు, కేకలు, పాట అన్నీ కలిసిపోయి ఉంటాయి. స్టూడియోలో ఆ వేడి దొరకదు. అదే కుటుంబం 1972లో ‘ఐల్ టేక్ యూ దేర్’తో బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్ కొట్టింది.

పాప్స్ 2000లో చనిపోయారు. కానీ ప్లే నొక్కితే చాలు, ఆ ఇంట్లో అందరూ మళ్లీ ఒకచోట కూర్చున్నట్టే.

ఇక్కడే నాకు గుచ్చుకుంది. మా నాన్న ఊళ్లో భజనల్లో హార్మోనియం వాయించేవారు. నన్నూ చెల్లినీ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పబోతే, క్రికెట్ ఉందని పారిపోయేవాణ్ని. నా ఫోన్‌లో వేల ఫొటోలున్నాయి. నాన్న పాట మాత్రం ఒక్కటీ లేదు.

ఆ రాత్రే ఫోన్ చేశా.

‘‘నాన్నా, హార్మోనియం ఉందా?’’

‘‘అటక మీద ఉందిరా. ఇప్పుడెందుకు?’’

‘‘ఆదివారం చెల్లీ నేనూ వస్తున్నాం. మీరు పాడాలి.’’

కాసేపు మాట లేదు. తర్వాత చిన్నగా నవ్వారు. ‘‘ఈసారైనా క్రికెట్ లేదు కదా?’’