మూత్రం చెప్పే ఊపిరితిత్తుల గుట్టు

అండమాన్ నికోబార్ దీవుల్లో వారాల తరబడి దగ్గు తగ్గని మనిషికి ముందుగా చేసేవి కఫం పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే. క్షయ లేదని తేలి, అనుమానం క్యాన్సర్ మీదికి మళ్లితే దారి పొడుగవుతుంది. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నుంచి చెన్నైకి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో వెళితే దాదాపు మూడు రోజులు. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే వంటి చోట్ల ఉండేవారు ముందు శ్రీ విజయపురానికే చేరుకోవాలి. పైచికిత్స కోసం చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం వెళ్లే కుటుంబాలకు టికెట్లు, బస, పోయిన కూలి అన్నీ కలిసి భారమే. అందుకే ఇక్కడి వైద్యుడికి ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఎవరిని పంపాలి, ఎవరిని పంపనక్కర్లేదు?

ఈ ప్రశ్నకు జవాబు ఒక చిన్న సీసా మూత్రంలోనో, ఒక ఊపిరిలోనో దొరుకుతుందా అని శాస్త్రవేత్తలు కొన్నేళ్లుగా వెతుకుతున్నారు.

ఊపిరితిత్తి లోపలి కణజాలంలో నొప్పిని తెలిపే నాడులు దాదాపు ఉండవు. కణితి పెరుగుతున్నా మనిషికి తెలియదు. తెలిసేసరికి చాలామందిలో వ్యాధి ముదిరి ఉంటుంది. 2022 గ్లోబోకాన్ అంచనాల ప్రకారం ప్రపంచంలో సుమారు 24.8 లక్షల మందికి ఈ క్యాన్సర్ కొత్తగా సోకగా, 18 లక్షల మందికి పైగా మరణించారు. మన దేశంలో కొత్త కేసులు దాదాపు 81 వేలు, మరణాలు 75 వేలు. ఈ రెండు అంకెలు ఇంత దగ్గరగా ఉండటమే అసలు భయం.

ముందుగా పట్టుకోవడానికి తక్కువ మోతాదు సీటీ స్కాన్ ఉంది. 53 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే సీటీ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అయితే స్కాన్‌లో అనుమానం వచ్చిన వాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కాదని తేలింది. క్షయ మచ్చలు మిగిలిన ఊపిరితిత్తులు ఎక్కువగా ఉండే మన దేశంలో ఈ చిక్కు ఇంకా పెద్దది.

క్యాన్సర్ కణం తిండిపోతు. ఆక్సిజన్ చాలినంత ఉన్నా అది గ్లూకోజును ఎడాపెడా వాడేసి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుందని జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. నేటి పెట్ స్కాన్ ఈ తిండిపోతుతనం మీదే ఆధారపడి పనిచేస్తుంది. అంత ఆబగా వండుకునే వంటింట్లో చెత్త కూడా వేరుగానే ఉంటుంది కదా! కణాలు విడుదల చేసే ఆ చిన్న చిన్న రసాయనాలే మెటబొలైట్లు. అవి రక్తంలో కలిసి, కొన్ని మూత్రంలోకి, తేలిగ్గా ఆవిరయ్యేవి ఊపిరిలోకి వస్తాయి.

2014లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు 469 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మూత్రాన్ని సేకరించి, 536 మంది ఇతరుల మూత్రంతో పోల్చారు. రోగులలో రెండు పదార్థాలు ప్రత్యేకంగా ఎక్కువగా కనిపించాయి. ఒకటి క్రియాటిన్ రైబోసైడ్, అంతకుముందు ఎవరూ గుర్తించని అణువు. రెండోది కణాల పైపూతలో ఉండే సయాలిక్ ఆమ్లం రకం, ఎన్-అసిటైల్ న్యూరామినిక్ ఆమ్లం. ఇవి పక్కనున్న మామూలు కణజాలంలో కంటే కణితిలోనే ఎక్కువగా ఉన్నాయి. అంటే మూత్రంలో కనిపించింది కణితి నుంచి వచ్చిందనడానికి ఆధారం దొరికినట్లే. తొలి రెండు దశల రోగులనూ క్రియాటిన్ రైబోసైడ్ బాగా వేరుచేయగలిగింది. ఈ పరిశోధనలో అందరి కంటే విలువైన మాట ఇదే.

ఊపిరి కథ ఇంకా పాతది. మనిషి ఊపిరిలో సుమారు 250 పదార్థాలు ఉన్నాయని లైనస్ పౌలింగ్ 1971లో చూపారు. 2009లో ఇజ్రాయెల్‌కు చెందిన హొస్సామ్ హైక్ బృందం బంగారు నానోకణాల సెన్సర్లతో రోగుల ఊపిరిని వేరుచేసింది. కానీ ఊపిరి నిలకడ లేనిది. తాగిన చుట్ట, తిన్న తిండి, గదిలోని గాలి, అన్నీ అందులో కలుస్తాయి.

మూత్రానికీ తిండి బెడద తప్పదు. సముద్రపు చేప తిన్నవారి మూత్రంలో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అమాంతం పెరుగుతుంది. రోజూ చేప తినే దీవులవాసుల మూత్రం మేరీల్యాండ్ వాసుల మూత్రంలా ఉండదు. అక్కడ గీసిన హద్దును ఇక్కడ అలాగే వాడలేం. పొగాకు అలవాటూ వేరే. అండమాన్ నికోబార్‌లో 18,018 మందిపై జరిపిన సర్వే 2012లో వెలువడింది. 48.9 శాతం మంది ఏదో రూపంలో పొగాకు వాడుతున్నారు. కేవలం నమిలేవారే 40.9 శాతం. నమిలే పొగాకు ముందుగా దెబ్బతీసేది నోటిని. కాబట్టి ఇక్కడ పరీక్ష ఎవరికి చేయాలన్నది కూడా కొత్తగా ఆలోచించాల్సిందే.

ఒక లెక్క చూద్దాం. రోగులలో 90 శాతం మందిని పట్టే, ఆరోగ్యవంతులలో 90 శాతం మందిని సరిగ్గా వదిలేసే పరీక్ష ఉందనుకుందాం. 10,000 మందిలో 10 మందికే క్యాన్సర్ ఉంటే, అది 9 మందిని పట్టుకుంటుంది. వారితో పాటు 999 మంది ఆరోగ్యవంతులనూ ఓడ ఎక్కిస్తుంది. అదే పరీక్షను అందరికీ కాక, ఎక్స్‌రేలో మచ్చ కనిపించిన 100 మందికి చేసి, వారిలో 10 మందికి క్యాన్సర్ ఉందనుకుంటే, ప్రయాణం కట్టాల్సినవారు 18 మందే. వారిలో సగం మంది నిజమైన రోగులు. మిగిలిన 82 మందికి ఖర్చు తప్పుతుంది. కానీ ఆ 82 మందిలో ఒక రోగి కూడా ఉంటాడు. అతడి కోసం కొన్ని నెలల తర్వాత మళ్లీ ఎక్స్‌రే తీయక తప్పదు.

ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను మూత్రంతో తేల్చే పరీక్ష ఆసుపత్రుల్లో మామూలు వాడుకలోకి ఇంకా రాలేదు. వచ్చేలోపు దీవుల ఆరోగ్యవంతుల, క్షయ రోగుల, పొగతాగేవారి నమూనాలను వేర్వేరుగా సేకరించి, వెంటనే గడ్డకట్టించి, ప్రయోగశాల దాకా కరగకుండా చేర్చాలి. ఉక్కపోత, కరెంటు కోతలు, వాయిదాపడే ఓడల నడుమ అది కూడా చిన్న పనేమీ కాదు.