పొలములో దొరకిన కుందేటిపిల్ల: ఇంటికి తేదగునా?

కందికోతలును, పెసర మినుము పీకుటయు సాగు దినములలో మన చెవిటికల్లు మొదలు నందిగామ, జగ్గయ్యపేట మెట్టపొలముల వఱకు కూలీల కాళ్లకడ ఒక్కొక్కప్పుడు కుందేటిపిల్లలు కనబడుట అందఱెఱిగినదే. పిడికెడంత ప్రాణి, కదలక మెదలక నేలకు కఱచుకొని యుండును. తల్లిలేని పిల్ల యని జాలిగొని కొందఱు దానిని గంపలో వేసి యింటికి దెచ్చి పిల్లల చేతికిత్తురు. పిల్లలు దానికి పేరుపెట్టి గేదెపాలు పట్టుదురు. పెక్కింటి కథ కొలది దినములలోనే ముగియును. చంపవలెనని యెవ్వరును తేలేదు. తెలియని జాలియే దాని ప్రాణము తీసినది. కావున ఈ విషయమును సంఘ సభ్యులు చక్కగా గ్రహించుట యవసరము.

అడవికుందేలు వేఱు, పెంపుడు కుందేలు వేఱు

రెంటికిని మన భాషలో పేరొక్కటే యగుటచే చిక్కు కలుగుచున్నది. మన చేలలో తిరుగునది అడవికుందేలు. మెడవెనుక నల్లని మచ్చ దాని గుఱుతు. అది బొరియ త్రవ్వదు; గడ్డిలోనో, పైరు మొదళ్లలోనో చిన్న పల్లమున పడుకొనును. దాని పిల్లలు ఒడలినిండ బొచ్చుతో, తెఱచిన కన్నులతో పుట్టును. ఇండ్లలో పెంచు తెల్లనివియు మచ్చలవియు ఐరోపా ఖండపు బొరియకుందేటి సంతతివి. వాని పిల్లలు బొచ్చులేక, కన్నులు మూసికొని పుట్టి, తల్లి తన బొచ్చుతో పఱచిన గూటిలో పెరుగును. ఈ రెండు జాతులకు కలిసి సంతానము కలుగదు. ఒకదానిని పెంచు తీరు మఱియొకదానికి చెల్లదు.

తల్లి విడిచిపోయినదా?

తల్లికుందేలు పగలు పిల్లదగ్గఱ నుండదు. అది దగ్గఱ నున్నచో కుక్కకును నక్కకును దారి చూపినట్లగును. చీకటి పడిన పిదప వచ్చి, కొన్ని నిమిషములలో పాలిచ్చి తొలగిపోవును. ఆ పాలు మిక్కిలి చిక్కనివి; గేదెపాలకంటెను వెన్న హెచ్చుగా గలవి. అందుచే కొద్దిపాటి సేపే చాలును. కదలక పడియుండుటయే పిల్లకు రక్షణ. కావున ఒంటరిగా కనబడిన పిల్లలలో పెక్కు అనాథలు కావు. సాయంకాలమునకై కాచుకొన్నవి మాత్రమే.

కోతకు ముందు చేనిని ఒకసారి తిరిగి చూడుడు. ట్రాక్టరు గాని కోతయంత్రము గాని దిగు చేలలో ఇది మఱింత ముఖ్యము. పిల్ల కనబడినచో చేతులకు పచ్చిగడ్డి రాచుకొని, దానిని ఆ చేని గట్టుననే కలుపుమొక్కల నీడను ఉంచి, కుక్కలను దూరము తోలి, మనుష్యులు తొలగిపోవలెను. ఇప్పటికే యింటికి తెచ్చినవారు ఆ దినముననే, తెచ్చినచోటనే విడువవలెను. చేయి తగిలినది గదా, తల్లి చేరదనుకొని తిరిగి పెట్టక మానరాదు.

తల్లి చచ్చియుండుట కన్నులార చూచినను, పిల్లను కుక్క కఱచినను, ఈగలు చీమలు పట్టియున్నను సంగతి వేఱు. అట్టిదానిని మూతగల గంపలో పొడిగుడ్డపై ఉంచి, చప్పుడు లేనిచోట పెట్టి, పశువైద్యునికి చూపి అటవీశాఖ వారికి అప్పగింపవలెను. గుడ్డపీలికతోనో గొట్టముతోనో పాలు నోట పోయరాదు. అవి ఊపిరితిత్తులలోనికి పోయిన పిల్ల బ్రదుకదు. కడుపులోనికి పోయినను తఱచుగా విరేచనములు పట్టును.

చట్టము మాట

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అడవికుందేటిని వేటాడుటయు, ఉచ్చులు పెట్టి పట్టుటయు, అనుమతి లేక ఇంట నుంచుకొనుటయు నేరము. అట్టి ప్రాణి చేతికి వచ్చినచో 48 గంటలలో పోలీసు ఠాణాలోనో, అధికారము గల అటవీ ఉద్యోగికో తెలిపి అప్పగింపవలెను. కుందేళ్లు లేత పైరును కొంత కొఱుకుట నిజమే. ఐనను ఆ నష్టమునకు ఉచ్చు మందు కాదు.

అడవికుందేటిని ఇంట పెంచినవారు లోకములో లేకపోలేదు. ఆంగ్లకవి విలియం కౌపరు 1774లో మూడింటిని చేరదీసి, వాని నడతను 1784లో ఒక పత్రికకు వ్రాసెను. ఒకటి పెరిగిన కొలదికాలమునకే చచ్చెను. ఒకటి యెంత ఆదరించినను తుదివఱకు మచ్చిక కాలేదు. ఒకటి మాత్రము పన్నెండేండ్లకు చేరువగా బ్రదికెను. తీరిక గల కవి కనిపెట్టుకొని యుండి పెంచినను ఫలమింతే. పొలము పనులలో తలమునుకలగు మనకు అంతకంటె మేలు జరుగునా?

ఇంట పెంపవలెనన్నచో

పిల్లలకు ముచ్చటయే యైనచో పెంపకందారునికడ పెంపుడు కుందేటిని తెచ్చుకొనుడు. అదియు ఆటబొమ్మ కాదు. చక్కగా చూచిన ఎనిమిదేండ్లును, అంతకు మించియు బ్రదుకును. దాని పండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును గనుక గడ్డి నమలుటయే దానికి ప్రధానాహారము. అన్నము, రొట్టె, మిఠాయి పెట్టరాదు. ప్రత్తి, మిరప చేలలో మందు కొట్టిన గట్ల గడ్డి కోసి వేయరాదు. సుబాబులు ఆకు హెచ్చుగా మేసిన బొచ్చు ఊడిపోవును.

కుందేటికి చెమట పట్టి చల్లబడు స్వభావము లేదు. వేడిని ముఖ్యముగా చెవులనుండి వెడలించును. మన ప్రాంతమున ఏప్రిలు, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటును. కావున రేకుల క్రింద నుంచక, నీడ, గాలి, తడి గోనెపట్టా, మట్టిముంతలో నీరు ఎల్లప్పుడు సిద్ధముగా నుంచవలెను. ఇంట విడిచినచో విద్యుత్తు తీగలను కొఱుకకుండ కప్పవలెను. చెవులు పట్టి యెత్తరాదు. వెనుక కాళ్లక్రింద చేయి ఆనింపనిచో తన్నుకొని వెన్నెముక విఱుగవచ్చును. ఆడ, మగ కలిపి యుంచినచో చూలు 30, 31 దినములే. ఈనిన దినముననే మరల చూలు నిలువగలదు. పెంపలేక చేలలో విడిచినచో అవి కుక్కలపాలగును.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని సామెత. తెచ్చితిని గనుక నేనే బ్రదికించెదనను పట్టుదలయు అట్టిదే. మన సభ్యులు కోతలకు ముందు కూలీలకును, బడిపిల్లలకును ఈ నాలుగు మాటలు చెప్పిన చాలును. గట్టున విడిచిన పిల్లకడకు ఆ రాత్రియే తల్లి వచ్చి పాలిచ్చును. ఆ పని మనము చేయజాలము.