ఆటో స్టార్టరు స్థానంలో మొబైల్ స్టార్టరు

కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో బోరు మోటారుకు ఆటో స్టార్టరు పెట్టుకున్నాం. అర్ధరాత్రి కరెంటొచ్చినా మోటారు దానంతటదే ఆడేది. కానీ దీనివల్ల నష్టాలున్నాయి. కరెంటు రాగానే ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ఆ లోడుకు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. బోరులో నీరు అడుగంటినా ఆటోకు తెలియదు. మోటారు వట్టిగా తిరిగి పాడవుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1న 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పారు.

మొబైల్ స్టార్టరు సిమ్ కార్డుతో పనిచేస్తుంది. ఇంటి నుంచే ఫోన్ చేసి మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. నీళ్లందక ఆంప్స్ పడిపోయినా, ఒక ఫేజు పోయినా మోటారును ఆపే రకమే తీసుకోండి. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు ఎన్ని ఆంప్స్ తీసుకుంటోందో చూసి, దాన్నిబట్టి సెట్ చేయించండి.

కొనేముందు షెడ్డు దగ్గర సిగ్నల్ ఉందో లేదో చూడండి. 4జీ మాత్రమే ఇచ్చే కంపెనీ సిమ్ 2జీ స్టార్టరులో పనిచేయదు. సిమ్ రీఛార్జి మరవొద్దు. చాలా మొబైల్ స్టార్టర్లలోనూ ఆటో పద్ధతి ఉంటుంది. అది ఆన్‌లో ఉంచితే మళ్లీ పాత కథే.

బిగించే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఎర్తింగు తప్పనిసరి. ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. మీరు మోటారు దగ్గర ఉండగా ఇంట్లోవాళ్లు ఫోన్ నొక్కితే ప్రాణానికే ముప్పు. అందుకే ఫ్యూజులు పీకి, జేబులో వేసుకున్నాకే వైర్ల మీద చెయ్యి వేయండి.