కప్ప అరుపు వెంట వచ్చే పరాన్నజీవి

పనామా వర్షారణ్యాల్లో టుంగరా అనే చిన్న కప్ప ఉంది. పొడవు దాదాపు 3 సెంటీమీటర్లు. వానలు పడ్డాక మగ కప్పలు రాత్రిపూట నీటిగుంటల్లో తేలుతూ ఆడ కప్పలను పిలుస్తాయి. ఆ పిలుపులో సన్నగా సాగే మూలుగు ఎప్పుడూ ఉంటుంది. దాని చివర 'చక్' అనే పొట్టి శబ్దాన్ని ఒకసారో కొన్నిసార్లో జోడిస్తే ఆడ కప్పలు ఆ మగవాటి వైపే మొగ్గుతాయి. అయినా మగ కప్ప ప్రతిసారీ 'చక్' అనదు. ఆ శబ్దం వినేవాళ్లలో శత్రువులూ ఉన్నారు మరి!

కప్పలను తినే ఒక జాతి గబ్బిలం వాటి అరుపును బట్టే వేటాడుతుందని మెర్లిన్ టటిల్, మైకేల్ రయాన్ 1981లో నిరూపించారు. గబ్బిలం కంటే ఎంతో చిన్నదైన మరో శత్రువు కోరెత్రెల్లా అనే మిడ్జ్. ఇది దోమలకు దగ్గరి బంధువు. ఇందులో ఆడవి కప్పల రక్తం తాగుతాయి. మనల్ని కుట్టే దోమ ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌నూ, ఒంటి వాసననూ పసిగట్టి వస్తుంది. ఈ మిడ్జ్ మాత్రం శబ్దం వెంట వస్తుంది. అడవిలో స్పీకరు పెట్టి కప్ప అరుపు వినిపిస్తే, అక్కడ కప్ప లేకపోయినా మిడ్జ్‌లు వచ్చి చేరతాయి. 'చక్' జోడించిన అరుపుకు ఇంకా ఎక్కువ వస్తాయని శిమెనా బెర్నాల్ బృందం 2006లో గుర్తించింది. కప్ప వీపు మీద వాలిన మిడ్జ్ నడుచుకుంటూ ముక్కు రంధ్రాల దాకా వెళ్లి అక్కడ కుడుతుంది.

పోయేది కాస్త రక్తమే అయితే నష్టం చిన్నదే. కానీ కుట్టే కీటకం పరాన్నజీవులను కూడా మోసుకురాగలదు. కోరెత్రెల్లా జాతి ఒకటి చెట్టుకప్పకు ట్రిపనోసోమా అనే ఏకకణజీవిని అంటిస్తుందని 1993లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ట్రిపనోసోమా ఎర్రకణాల్లోకి చొరబడదు. ఒంటి పొడవునా ఉన్న పల్చటి పొరను అలలా ఆడిస్తూ రక్తద్రవంలో ఈదుతుంది. టుంగరా కప్పల రక్తంలో కనిపించిన కొత్త జాతికి 2016లో ట్రిపనోసోమా టుంగరే అని పేరు పెట్టారు. ఆ అధ్యయనంలో ఆడ కప్పల కంటే మగ కప్పల్లోనే ఈ పరాన్నజీవి ఎక్కువగా కనిపించింది. అరిచేవి మగవే, మిడ్జ్‌లు వెతుక్కుంటూ వచ్చేదీ వాటినే. జతను తెచ్చే పిలుపే జబ్బునూ తెస్తోందన్న అనుమానానికి ఇది గట్టి ఆధారం.

ట్రిపనోసోమాలకు ఆ పేరు వచ్చిందే కప్ప వల్ల. 1843లో పారిస్‌లో డేవిడ్ గ్రూబీ కప్ప రక్తంలో వీటిని చూసి ఈ ప్రజాతికి పేరు పెట్టాడు. మన పశువైద్యులకు తెలిసిన సర్రా జబ్బుకు కారణమైన ట్రిపనోసోమాను గ్రిఫిత్ ఇవాన్స్ పంజాబ్‌లో గుర్రాల రక్తంలో కనుగొన్నది 1880లో. ఆఫ్రికాలో మనుషులకు వచ్చే అతినిద్ర వ్యాధికి కారణం కూడా ఈ కుటుంబమేనని తెలిసింది ఆ తర్వాతే.

కప్ప రక్తంలోకి వేరే దారిలో వచ్చేవీ ఉన్నాయి. హెపటోజూన్ అనే పరాన్నజీవి ఎర్రకణాల లోపలే కాపురం ఉంటుంది. ఉత్తర అమెరికాలో దీని జాతులు కొన్ని దోమ కుట్టడం వల్ల కాదు, ఆ దోమను కప్ప మింగడం వల్ల సోకుతాయి. అంటే అక్కడ కప్ప ఆహారమే పరాన్నజీవికి వాహనం.

అందుకే కప్ప రక్తపు చుక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి అందులో పరాన్నజీవి ఉందో లేదో రాసుకుంటే సరిపోదు. ఆ కప్ప మగదా ఆడదా, ఎప్పుడు అరుస్తుంది, ఏం తింటుంది, దాన్ని ఏది కుడుతుంది అన్నవి కూడా నమోదు కావాలి. ప్రపంచమంతటా కప్ప జాతులు తరిగిపోతున్న కాలమిది. ఒక జాతి అంతరిస్తే, దాని మీదే ఆధారపడ్డ కీటకాలూ పరాన్నజీవులూ దానితోపాటే పోతాయి. వాటిలో చాలావాటికి మనం ఇంకా పేరైనా పెట్టలేదు. కప్పలను కాపాడటానికి చేసే ప్రతి సర్వేలోనూ రక్త పరీక్షకు చోటివ్వడం ఇప్పుడు అవసరం.