అరకు వెళ్లొచ్చాక జ్వరమా? ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి

వానలు వెనకబట్టి కార్తీకం వచ్చిందంటే చాలు, శృంగవరపుకోట దాటి ఘాట్‌రోడ్డు ఎక్కే కార్లకు అంతుండదు. అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, బొర్రా గుహలు, అరకులో పద్మాపురం గార్డెన్స్, డుంబ్రిగుడ దగ్గర చాపరాయి... అన్నిచోట్లా జనమే. ఇంకొంచెం ఓపిక ఉన్నవాళ్లు పాడేరు దగ్గరి వంజంగికి, చింతపల్లి దగ్గరి లంబసింగికి కూడా వెళ్లొస్తున్నారు. సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఈ సందడి తగ్గదు.

డాక్టరు కాబట్టి వద్దంటాడేమో అనుకోకండి. వెళ్లండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ కూడా తీసుకెళ్లండి. ఏడాదంతా ఫ్లాటుకీ ఆఫీసుకీ మధ్య తిరిగే ఒంటికి రెండు రోజుల కొండగాలి, తోటల్లో కాస్త నడక చాలా మంచివి. కాకపోతే వెళ్లేముందు మీరు మమ్మల్ని అడిగే ప్రశ్నలు ఒకటైతే, తిరిగొచ్చాక మిమ్మల్ని ఆసుపత్రి మెట్లెక్కించే జబ్బులు వేరొకటి.

ఆక్సిజన్ డబ్బాలు అక్కర్లేదు

ఎక్కువమంది అడిగేది ఇదే. ‘‘అంత ఎత్తు కదండీ, మా నాన్నగారికి ఊపిరి అందుతుందా?’’ అని. అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగి దాదాపు 1000 మీటర్లు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2500 మీటర్లు దాటాకే మొదలవుతుంది. లేహ్ లాంటి చోట్ల, అంటే 3500 మీటర్ల దగ్గర, దాని గురించి ఆలోచించాలి. అరకుకు ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కుని బయల్దేరేవారు ఆ డబ్బుతో పిల్లలకు స్వెట్టర్లు కొనడం మేలు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. వంజంగి కొండ ఎక్కుతుంటే ఛాతీ బిగబట్టినట్టు, ఎడమ చెయ్యి లాగినట్టు, చెమటలు పట్టినట్టు ఉంటే ‘ఎత్తు కదా, అందుకే’ అని సర్దిచెప్పుకోకండి. ఆ ఎత్తులో అలా జరగదు. అది గుండె. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఏమీ తినకుండా, చలిలో ఏటవాలు దారి ఎక్కడం గుండెకు పెద్ద పరీక్షే. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, బీపీ పెరుగుతుంది, పైగా అలవాటు లేని శ్రమ. స్టెంటు వేయించుకున్నవారు, బీపీ అదుపులో లేనివారు, ఉబ్బసం ఉన్నవారు మేఘాలను కింద నుంచే చూడటం మంచిది. కింద నుంచి కూడా బాగానే ఉంటాయి. వాడుతున్న మాత్రలు, ఇన్హేలర్ సూట్‌కేసులో కాదు, జేబులో ఉండాలి.

షుగరు ఉన్నవారికి ఇంకో మాట. సెలవు రోజుల్లో ఘాట్‌లో ట్రాఫిక్ నిలిచిపోతే రెండు గంటలు కదలదు. పొద్దున ఇన్సులిన్ తీసుకుని, ‘పైకెళ్లి తిందాంలే’ అనుకున్నవారికి దారిలోనే షుగరు పడిపోతుంది. బిస్కెట్లు, రెండు చెంచాల పంచదార చేతికి అందేలా పెట్టుకోండి.

మలుపుల్లో వాంతులు

ఘాట్‌లో వాంతులకు కారణం అన్నం అరగకపోవడం కాదు. చెవి లోపల ఉండే సమతూకపు యంత్రం ‘మనం తిరుగుతున్నాం’ అని చెబుతుంటుంది. ఫోను వైపో, ముందు సీటు వైపో చూస్తున్న కళ్లు ‘లేదు, కదలడం లేదు’ అంటుంటాయి. ఈ తగవు తేలక కడుపు తిప్పుతుంది. కాబట్టి వాంతులయ్యే పిల్లల్ని వెనక సీటు మూలన ఫోను ఇచ్చి కూర్చోబెట్టడం కన్నా పొరపాటు లేదు. కిటికీ కాస్త దించి, దూరంగా కొండల్ని, ముందున్న దారిని చూడమనండి. కొంచెం ఎదిగిన వాళ్లయితే ముందు సీటు ఇవ్వండి.

ఎస్.కోటలో ఆగి పూరీలు, బజ్జీలు పట్టించి ఘాట్ ఎక్కడం మన ఆచారం. అక్కడ రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. వాంతుల మాత్ర వేసుకునేట్లయితే ఘాట్ మొదలవడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకున్న మాత్ర వాంతిలోనే బయటికొస్తుంది. ఈ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. బండి నడిపేవారు వేసుకోకూడదు. రెండేళ్లలోపు పిల్లలకు, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దవారికి అడగకుండా ఇవ్వకండి. రైల్లో వెళ్లేవారికి ఈ బాధ బాగా తక్కువ. అందులో సొరంగాలు లెక్కపెట్టుకోవడం పిల్లలకు మరో కాలక్షేపం.

టెంటులో కుంపటి వద్దు

లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు ఒంటి అంకె ఉష్ణోగ్రతకు దిగిపోతాయి. ఈ మధ్య టెంట్లలో పడుకోవడం మోజైంది. చలికి ఆగలేక కొందరు బొగ్గుల కుంపటిని లోపలికి తెచ్చుకుని జిప్పు వేసేస్తారు. బొగ్గు సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనబడదు కాబట్టి ఏమీ లేదనుకుంటారు. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవారికి ఆ తలనొప్పి కూడా తెలియదు. ఒకే గదిలో పడుకున్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే, వెంటనే అందరూ బయటికి వచ్చేయండి. తలుపులు తర్వాత తెరవొచ్చు. కుంపటి ఆరుబయటే ఉండాలి. లోపలికి రెండు దుప్పట్లు, సాక్సులు, చెవులకు మఫ్లరు చాలు.

జలపాతాల సంగతి రెండు మాటల్లో చెబుతాను. పాకుడు పట్టిన బండ మీద కాలు జారి చెయ్యో నడుమో విరగ్గొట్టుకోవడం మొదటి ప్రమాదం. ఇక్కడ ఎండ కాస్తున్నా పైన కొండల్లో వాన పడితే వాగు ఒక్కసారిగా ఉరుకుతుంది, అది రెండోది. మద్యం తాగి దిగేవారికి ఈ రెండూ కలిపి జరుగుతాయి. సీసాలు అక్కడే పగలగొట్టి వచ్చేవారి వల్ల మర్నాడు ఏ గిరిజన పిల్లవాడి కాలో తెగుతుంది. దాని గురించి నేను ఇంకేం చెప్పను.

కోతులకు తినిపించబోయి గీరించుకున్నా, కరిపించుకున్నా ఆ గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టించండి. కుక్కకు మాత్రమే టీకా అనుకునేవారు ఇంకా చాలామంది ఉన్నారు.

అసలు విషయం... జ్వరం

ఓపీలో మేం తరచూ చూసే కథ ఇది. నలభై ఏళ్లు దాటిన బ్యాంకు ఉద్యోగి. నాలుగు రోజులుగా జ్వరం, ఒళ్లు నొప్పులు. బయట రక్తపరీక్ష చేయించారు. ప్లేట్‌లెట్లు 42 వేలు. డెంగీ పరీక్ష నెగెటివ్ వచ్చినా, ‘ప్లేట్‌లెట్లు తగ్గాయంటే డెంగీయే’ అన్నారు. బొప్పాయి ఆకు రసం, కివీ పండ్లు, రోజుకు రెండుసార్లు ప్లేట్‌లెట్ల లెక్క. అయిదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి, మూత్రం కాఫీ రంగులోకి మారింది, పిలిస్తే మత్తుగా పలుకుతున్నారు. మా దగ్గరికి వచ్చాక ఆయన భార్యను అడిగాం: ‘‘నెల రోజుల్లో ఎక్కడికైనా వెళ్లారా అమ్మా?’’ ‘‘ఎక్కడికీ లేదండీ. రెండు వారాల క్రితం సరదాగా పిల్లలతో అరకు, అంతే’’ అన్నారు. స్మియర్‌లో ఫాల్సిపేరం మలేరియా. ఆర్టిసునేట్ ఇంజెక్షన్లతో ఆయన బతికి బయటపడ్డారు. కానీ మూడు రోజుల ముందు ఒక్క చుక్క రక్తంతో, మాత్రలతో పోయే జబ్బు అది.

‘అంతే’ అన్న ఆ మాట దగ్గరే చిక్కంతా ఉంది. మనకు అరకు ఒక పిక్నిక్. ఊరు వెళ్లడం కింద లెక్క కాదు. డాక్టరు అడిగినా గుర్తు రాదు. జ్వరం వచ్చేసరికి ఫొటోలు కూడా పాతబడి ఉంటాయి. ఎందుకంటే ఫాల్సిపేరం మలేరియా దోమ కుట్టిన తొమ్మిది నుంచి పద్నాలుగు రోజులకు సాధారణంగా బయటపడుతుంది. వైవాక్స్ రకమైతే ఇంకాస్త ఆలస్యం. అది కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేవగలదు. కొండకు వెళ్లిన మూడో రోజునే జ్వరం వస్తే అది ఆ ప్రయాణంలో తగిలిన మలేరియా కాదనే చెప్పొచ్చు. ఏ జలుబో, నీళ్ల తేడానో అయి ఉంటుంది. రెండు వారాలకు వచ్చిన జ్వరాన్నే మీరు కొండతో ముడిపెట్టాలి. సరిగ్గా దాన్నే ఎవరూ ముడిపెట్టరు.

మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు. ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగీకి మాత్రమే సొంతమైన లక్షణం కాదు. జ్వరం రోజు విడిచి రోజు రావాలని, చలితో వణకాలని కూడా లేదు. ఫాల్సిపేరంలో జ్వరం రోజంతా ఉండొచ్చు. పిల్లల్లో వాంతులు, విరేచనాలే ముందు కనబడొచ్చు.

ఏజెన్సీలో మలేరియా ఎందుకు అంటే, అక్కడి దోమ వేరు. మన మురుగు కాల్వల దోమ కాదది. ఫ్లూవియాటిలిస్ అనే అనాఫిలిస్ దోమ కొండవాగుల అంచుల్లో, గడ్డి మధ్య నెమ్మదిగా పారే తేటనీటిలో పెరుగుతుంది. మీరు ‘ఎంత స్వచ్ఛమైన నీరో’ అని ఫొటో తీసుకునే చోటే. మలేరియా దోమలు కుట్టేది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లవారేదాకా. క్యాంప్‌ఫైర్ చుట్టూ నిక్కర్లతో కూర్చుని థింసా చూసే సమయం, ఆ తర్వాత టెంటులో నిద్రపోయే సమయం కూడా అదే. దీన్ని అక్కడివారి అపరిశుభ్రతకు అంటగట్టేవారు కూడా కనిపిస్తారు. అది తప్పు. ఆ గూడేల్లో దోమల మందు చల్లుతారు, తెరలు పంచుతారు, జ్వరం వస్తే ఆశా కార్యకర్త ఇంటికొచ్చి రక్తపరీక్ష చేస్తుంది. రెండు రాత్రులు ఉండి కిందికి దిగిపోయిన మీ దగ్గరికి మాత్రం ఎవరూ రారు.

ఏం చేయాలి?

సాయంత్రం అయిదయ్యేసరికి పిల్లలకు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సులు వేసేయండి. చలికి ఎలాగూ కావాలి. చర్మం కనబడే చోట దోమల క్రీము రాయండి. గది తీసుకునేటప్పుడు కిటికీలకు జాలీ ఉందా అని అడగండి. లేకపోతే ఇంటి నుంచి దోమతెర తీసుకెళ్లండి, బరువేం కాదు. గర్భిణులకు మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. కాబట్టి వారు పగలు చూసుకుని పొద్దుగూకేలోపు దిగిపోవడమే మంచిది. వారాల తరబడి అక్కడ ఉండి పనిచేసేవారికి ముందుజాగ్రత్తగా డాక్సీసైక్లిన్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది. అది గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు పనికిరాదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ వేసుకోవద్దు.

తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే, అదే రోజు మలేరియా పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. వేలి చుక్కతో చేసే ర్యాపిడ్ పరీక్ష ఫలితం అరగంటలోపే వస్తుంది. ఒకసారి నెగెటివ్ వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించాలి, స్మియర్ కూడా అడగాలి. మత్తు, ఫిట్స్, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గడం, ఆగని వాంతులు... ఇందులో ఏది కనబడినా చిన్న క్లినిక్కుల చుట్టూ తిరగకుండా పెద్దాసుపత్రికి వచ్చేయండి.

మలేరియా పరీక్షలు రెండుసార్లు నెగెటివ్ వచ్చినా జ్వరం వదలకపోతే ఇంకోటి వెతకాలి. గడ్డిలో కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కంటికి కనబడనంత చిన్న నల్లి పిల్ల కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. పైగా అది చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము పట్టీ దగ్గర దాక్కుంటుంది. రోగి చూసుకోడు, సిగ్గుకొద్దీ డాక్టరుకు చూపించడు. ఇంట్లోనే ఒకసారి అద్దం ముందు వెతుక్కోండి. అలాంటి మచ్చ ఉంటే మొహమాటపడకుండా చూపించండి. సకాలంలో డాక్సీసైక్లిన్ పడితే రెండు రోజుల్లో జ్వరం దిగొస్తుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. కొండ మీద గడ్డిలో కూర్చోవాలంటే కింద మందపాటి షీటు పరుచుకోండి. గదికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి.

చివరిగా, వైవాక్స్ మలేరియా అని తేలినవారికి. జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది. కానీ కాలేయంలో దాక్కున్న పురుగు పోవడానికి ప్రిమాక్విన్ మాత్రలు పద్నాలుగు రోజులు వాడాలి. నాలుగో రోజే ఆపేసి, వేసవిలో మళ్లీ వణుక్కుంటూ వచ్చేవారు ప్రతి ఏడూ ఉంటారు. ఈ మందు గర్భిణులకు ఇవ్వరు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువ ఉన్నవారికి రక్తం విరిగే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ పరీక్ష గురించి అడిగి మొదలుపెట్టండి. మధ్యలో మూత్రం నల్లగా వస్తే మాత్రలు ఆపి వెంటనే ఆసుపత్రికి రండి.