మీకు తెలుసా? వంద పాయింట్ల మ్యాచ్‌కి వీడియో లేదు!

బాస్కెట్‌బాల్ అభిమానులు నలుగురు చేరితే విల్ట్ చాంబర్లేన్ మాట రాకుండా ఉండదు. 1962 మార్చి 2న పెన్సిల్వేనియాలో చాక్లెట్లకు పేరుపడ్డ హెర్షీ ఊళ్లో, న్యూయార్క్ నిక్స్ మీద ఆయనొక్కడే 100 పాయింట్లు కొట్టాడు. ఎన్‌బీఏలో ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ మ్యాచ్‌ను టీవీలో చూపించలేదు. చూసినవాళ్లు 4,124 మంది. ‘నేనూ అక్కడే ఉన్నా’ అని చెప్పుకున్నవాళ్లు మాత్రం అంతకు ఎన్నో రెట్లు! అందరి కళ్లలో నిలిచింది ఒక ఫొటో: ‘100’ అని రాసిన కాగితం పట్టుకున్న విల్ట్. ఆ అంకె రాసింది విల్ట్ జట్టు ప్రచారం చూసే హార్వే పొలాక్.

అసలు విచిత్రం ఫ్రీ త్రోలది. జీవితమంతా వాటితో తంటాలుపడ్డ మనిషి ఆ రాత్రి 32కి 28 వేశాడు. అప్పట్లో రెండు చేతులతో బంతి పట్టుకుని, మోకాళ్లు వంచి, కిందినుంచి పైకి విసిరేవాడు. బాగానే పనిచేసింది. కానీ నామోషీ అనిపించి తర్వాత మానేశాడు. ఏం లాభం? కెరీర్ మొత్తమ్మీద ఆయన ఫ్రీ త్రోల్లో బుట్టలో పడ్డవి సగానికి కాస్త ఎక్కువ, అంతే.

ఇంకోటి: 1,045 లీగ్ మ్యాచ్‌లాడినా, ఫౌల్స్ ఎక్కువై ఒక్కసారి కూడా బయటికి వెళ్లలేదు.