పది గెలిచినా రెండో స్థానమే

మాది కోవిల్‌పట్టి. మా ఊళ్ళో ఆట అంటే హాకీయే. 2022 ఆసియా కప్‌లో మన దేశం తరఫున ఆడిన మారీశ్వరన్ మా ఊరి అబ్బాయే. కానీ అమ్మాయిల ఫుట్‌బాల్ సంగతికొస్తే విరుదునగర్ జిల్లా కారియాపట్టి వైపు చూడాలి. అక్కడి సేతు ఇంజనీరింగ్ కాలేజీ పేరుతోనే సేతు ఎఫ్‌సీ అనే మహిళా జట్టు ఉంది. బయటివాళ్ళు దాన్ని మదురై జట్టు అంటారు.

2019లో ఈ జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది 12 జట్లను రెండు గ్రూపులు చేశారు. గ్రూపులో ముందున్న జట్లు సెమీఫైనల్‌కి, అక్కడ గెలిచినవి ఫైనల్‌కి వెళ్ళాయి. మే 22న లూధియానాలో జరిగిన ఫైనల్లో సేతు 3-1తో మణిపుర్ పోలీస్ జట్టుని ఓడించింది. అమ్మాయిల ఫుట్‌బాల్‌కి మణిపుర్ పుట్టిల్లు లాంటిది. కాబట్టి అది చిన్న గెలుపు కాదు.

2022లో పద్ధతి మారింది. గ్రూపులు లేవు, ఫైనలూ లేదు. 12 జట్లలో ప్రతి జట్టూ మిగతా 11 జట్లతో ఒక్కోసారి ఆడాలి. గెలిస్తే 3 పాయింట్లు, సమానమైతే 1. ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే కప్పు వాళ్ళదే. సేతు వరుసగా పది మ్యాచ్‌లు గెలిచింది. గోకులం కేరళ కూడా పదికి పది గెలిచింది! మే 26న, ఆఖరి రోజు, భువనేశ్వర్‌లో ఈ రెండు జట్లే ఎదురుపడ్డాయి. మళ్ళీ అదే 3-1, కాకపోతే ఈసారి గెలిచింది గోకులం. వాళ్ళకి 33 పాయింట్లు, సేతుకి 30.

కప్పు 2019లోనే వచ్చినా, నాకు 2022 జట్టే ఎక్కువ నచ్చుతుంది. ఆరు వారాల్లో 11 మ్యాచ్‌లు ఆడాలంటే మంచి ఆటగత్తెలు పదకొండు మంది ఉంటే చాలదు. ఒకరికి దెబ్బ తగులుతుంది, ఇంకొకరు అలిసిపోతారు. వాళ్ళ బదులు దిగడానికి బెంచీ మీద అంతే బాగా ఆడేవాళ్ళు ఉండాలి.

ఆ బెంచీ ఎక్కణ్ణుంచి వస్తుంది? బడి అయిపోయాక కూడా ఆట మానని అమ్మాయిల నుంచే. మన ఇళ్ళల్లో పదో తరగతి కాగానే "ఇంక ఆటలు చాల్లే, చదువుకో" అంటారు. చదువూ మైదానమూ ఒకే ఆవరణలో ఉంటే ఆ మాటకి బలం తగ్గుతుంది. అందుకే కాలేజీ పేరు మోసే జట్టు ఒకటి మన పక్కనే ఉండడం నాకు పెద్ద విషయంగా అనిపిస్తుంది.

మన మైదానం సాయంత్రం నాలుగు దాటితే ఖాళీగానే ఉంటోంది. ఆడాలని ఉన్నవాళ్ళు ఈ కాగితం కింద మీ పేరు రాయండి. పదకొండు దాటినా రాయండి, బెంచీకి కూడా మనుషులు కావాలి.